గోవిందప్పమామ పచ్చ సైకిలు

మా పెరటి గోడ అవతల ఇప్పుడు కనుచూపు మేరా సోలారు పలకలే. కౌలుకిచ్చిన మా చేను కూడా వాటి కిందే ఉంది. మొన్న మధ్యాహ్నం రాగిముద్ద ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో, గోడ అవతల ఎవరో ఇనప గొట్టం కోయడం మొదలుపెట్టారు. రంపం ఇనుము మీద నడిచే చప్పుడు. పళ్లు జివ్వుమన్నాయి. ముద్ద చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాను. మా ఆవిడ కంగారు పడి, "ఏమయ్యింది? నోట్లో రాయి పడిందా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె ఈ ఇంటికి రాకముందు సంగతి అది. ఆ చప్పుడు మొదటిసారి విన్న రోజున నేను పడ్డ అదురు ఇన్నేళ్లయినా పూర్తిగా దిగలేదని అన్నం ముందు కూర్చుని ఎలా చెప్పను?

ఆ రోజుల్లో మా పక్కింట్లో గోవిందప్ప అనే ఆయన ఉండేవాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు కాబట్టి మా చుట్టుపక్కల ఊళ్లకు ఆయనే డాక్టరు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. పిల్లనివ్వని మామ అని మా అమ్మ నవ్వేది. మనిషికి షోకు ఎక్కువ. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాడు కాదు. సైకిలు తుడవకుండా అసలే దాటేవాడు కాదు. పచ్చరంగు సైకిలు, నిండు గొలుసు కేసు, ముందు దీపం. మందుల సంచీ హ్యాండిలుకు తగిలించుకుని వల్లూరనీ, రాయచెర్లనీ ఆ మట్టిదారుల్లో తిరిగొచ్చినా, సాయంత్రానికి అది పెళ్లికొడుకులా మెరుస్తూ ఉండేది. పశువులతో ఎంత మెత్తగా మాట్లాడేవాడో మనుషుల్ని అంత గట్టిగా తిట్టేవాడు.

నేను పీయూసీ తప్పి, ఇక చదువు మనకు రాదని తేల్చుకుని, నాన్నతో సేద్యంలో దిగిన కాలం అది. ఒక ఆదివారం నా సైకిలు కడిగి, మామకు చూపించి నాలుగు మంచి మాటలు వినొద్దామని వెళ్లాను. ఆయన దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. గోనెసంచీ పరిచాడు. సైకిలును తలకిందులు చేసి దాని మీద నిలబెట్టి విప్పడం మొదలుపెట్టాడు. మొదట గొలుసు, తర్వాత చక్రాలు, ఆ తర్వాత పెడళ్లు. ఆగుతాడేమో అని చూస్తున్నాను. ఆగలేదు. ఇరుసులోని ఇనప గుండ్లు కూడా తీసి కిరసనాయిలు పోసిన గిన్నెలో పడేశాడు.

"మామా, బాగానే ఉండాది కదా, ఎందుకు ఇప్పుతాండావు?" అన్నాను.

"బాగున్నప్పుడే ఇప్పల్ల అల్లుడా. చెడిపోయినాక ఎవురైనా ఇప్పుతారు," అన్నాడు తలెత్తకుండా.

సాయంత్రానికి అంతా మళ్లీ బిగించి, చక్రం తిప్పి వదిలాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. నేను నోరు తెరుచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజుతో నాకు సైకిలు పిచ్చి పట్టింది. అప్పటికే ఆ పిచ్చి ఉన్న నలుగురైదుగురు ఆదివారం పొద్దున్నే మామ వాకిట్లో చేరేవాళ్లు. వాళ్లతో నేనూ కలిశాను. విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం, ఊచలు సరిచేసి చక్రం వంకర తీయడం. పని అయ్యాక పరీక్ష అనే పేరు పెట్టుకుని తిరుమణి దాకా పందెం వేసుకుని తొక్కేవాళ్లం. మామ ఎప్పుడూ వెనకే వచ్చేవాడు. ఎవరి సైకిలు ఎక్కడ కిర్రుమంటోందో వినాలట.

మాలో టైలరు రామాంజి ఒకడు. చేతిలో కత్తెర ఉన్నంతసేపే వాడికి తెలివి ఉండేది. ఒకసారి మామ ఊళ్లో లేని వారం చూసి, సొంతంగా చక్రాల ఇరుసులకూ గొలుసుకూ నూనె పోసుకున్నాడు. ఏం నూనె అనుకున్నారు? గానుగ నుంచి తెచ్చుకున్న వేరుశనగ నూనె. మా వైపు ఇంట్లో ఏమున్నా లేకపోయినా ఆ నూనె ఉంటుంది. నూనె, దుమ్ము కలిసి బంకలా గట్టిపడ్డాయి. దానికి తోడు చీమలు. వాడు సైకిలును భుజాన మోసుకుని వచ్చి వాకిట్లో దింపాడు.

మామ ఇరుసు విప్పి, వేలితో ఆ బంకను తీసి వాసన చూసి, నమ్మలేనట్టు రామాంజి ముఖంలోకి చూశాడు. "తాలింపు గూడా పెట్టినావా?" అని అడిగాడు.

మేం పడీ పడీ నవ్వాం. మామ నవ్వలేదు. కూర్చుని ఆ బంకంతా గీకి తీశాడు. బిగిసిపోయిన పిన్నును సుత్తితో నేరుగా కొట్టినా ఆయన సహించేవాడు కాదు. చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాలి. ఇనుముకు నొప్పి ఉండదు కదా మామా అంటే, "నీకు ఇనపడదు, అంతే," అనేవాడు. ఆ మనిషి స్వభావం మీకు తెలియాలని ఇంతగా చెబుతున్నాను. ఇది తెలియకపోతే తర్వాత జరిగిన దానికి నేను ఎందుకు అంతగా అదిరిపోయానో అర్థం కాదు.

తర్వాత వానలు ఎగ్గొట్టాయి. ఒక ఏడు కాదు, వరసగా. బావుల్లో నీళ్లు అడుగంటాయి. పంక్చరు చూడటానికి ట్యూబు ముంచే నీళ్లు కూడా మామ పారబోయనిచ్చేవాడు కాదు, కోళ్లకు పెట్టేవాడు. పశువులకు మేత లేదు. ఎముకలు తేలిన ఎద్దుల్ని తోలుకొచ్చి ఆసుపత్రి ముందు నిలబడి ఏం చేయమంటావప్పా అని రైతులు ఆయన్నే అడిగేవాళ్లు. మా నాన్న నారాయణప్ప కూడా అడిగాడు. మాకు ఎర్రోడు, మైలోడు అని ఒక జత ఉండేది. ఎర్రోడు లేవలేక పడిపోతే మామ వచ్చి మందు పోసి లేపి, దాని మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"అమ్మేయన్నా," అన్నాడు. "మందుతో కడుపు నిండదు. ఈ ఏడు గూడా వాన రాదు. పెట్టుకుంటే నీ కండ్ల ముందరే పోతాయి."

వారం తిరక్కుండా నాన్న ఆ జతను సంతకు తోలుకుపోయి, పలుపు తాళ్లు మాత్రం భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. ఊళ్లో చాలామంది అదే పని చేశారు, చాలావరకు మామ మాట మీదే.

ఆ ఏడే వాన పడింది. పడటమంటే అలా ఇలా కాదు, వంకలు పారాయి. జనం వీధుల్లోకి వచ్చి తడుస్తూ నవ్వుతుంటే నాన్న ఖాళీ కొట్టం గుంజను పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి కాళ్లో పట్టుకుని ట్రాక్టరుతో వేరుశనగ విత్తించాం. మొలక చక్కగా వచ్చింది. దాంతో పాటు కలుపూ వచ్చింది, పైరును మించి. సాళ్ల మధ్య కలుపు కోసే గుంటక తోలాలంటే ఎద్దులు లేవు. ఎద్దులున్న ఒకరిద్దరికి తమ చేలతోనే తీరిక లేదు. కూలీలు కరువులోనే బెంగుళూరు వెళ్లిపోయి ఇంకా తిరిగి రాలేదు. ఇంటిల్లిపాదీ చేతులతో పీకుతుంటే ఒక మూల పీకేలోపు ఇంకో మూల లేచేది. ఈ పంట కూడా పోతే మాకూ బెంగుళూరు బస్సే గతి. నాన్న ఆ మాట పైకి అనకపోయినా అమ్మ మూటకు పనికొచ్చే గుడ్డలు ఏరి పెట్టడం నేను చూశాను.

నాన్న మామను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన వీధిలో ఎదురొస్తే తల తిప్పుకునేవాడు. అది తిట్టుకంటే ఎక్కువ. మామ ఇస్త్రీ లేని చొక్కాతో తిరగడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ ఆదివారం మేం వెళ్లేసరికి పచ్చ సైకిలు గోనెసంచీ మీద తలకిందులుగా ఉంది. వెనక చక్రం, సీటు, గొలుసు కేసు తీసి పక్కన పేర్చి ఉన్నాయి. మామూలు పనే అనుకున్నాం. మామ నన్ను పిలిచి, "అల్లుడా, ఈడ గట్టిగా పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. ఆయన వెనక నుంచి ఇనుము కోసే రంపం తీసి, సీటు కింద గొట్టం మీద ఆనించి లాగాడు.

పచ్చరంగు పొడిపొడిగా నా చేతుల మీద రాలింది. వదిలేయాలని తోచలేదు, ఆపాలని తోచలేదు. రామాంజే ముందు తేరుకున్నాడు.

"మతి పోయిందా మామా? ఏం చేస్తాండావు?"

"గుంటక," అన్నాడు మామ, రంపం ఆపకుండా. "ముందర చక్రం ఉంటాది. దాని ఎనక కమ్మరోడు చేసిన బద్ద బిగిస్తాను. హ్యాండిలు ఎనక్కి తిప్పితే మనిషి తోసుకుంటూ పోవచ్చు. శెనక్కాయ సాళ్లల్లో పడతాది."

"కోసేదయితే నా డొక్కు ఉండాది కదా. అది కోయి. దీన్ని ఎందుకు కోస్తావు?"

"ఎద్దుల్ని అమ్మమని చెప్పింది నీ నోరా?"

రామాంజి లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెక్కముక్క లేకుండా పిన్ను కొట్టనివ్వని మనిషి, తన చేత్తో తన సైకిలును రెండు ముక్కలు చేస్తున్నాడు. ఎప్పటిలాగే తొందర లేదు. కోసిన చోట ఎవరి చేతికీ గీరుకోకూడదని ఆకురాయితో నున్నగా రుద్దాడు కూడా. అది చూసి ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ గుంటకను భుజాన పెట్టుకుని మా చేనికి వచ్చాడు. నాన్న గట్టు మీద ఉన్నాడు. ఆ హ్యాండిలు, ఆ చక్రం చూసి ఏ సైకిలో పోల్చుకోగానే ఆయన ముఖంలో రంగు మారింది. మామ హ్యాండిలు నాన్న చేతుల్లో పెట్టాడు. నాన్న తోశాడు. తడి ఆరి నేల బిగుసుకుని ఉంది. నాలుగడుగులు వెళ్లి బద్ద ఆగిపోయింది. మళ్లీ తోశాడు, మళ్లీ ఆగింది.

మామ చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. ఒక తాడు చక్రం ఇరుసుకు రెండు పక్కలా కట్టి, ముందుకు పోయి, ఆ తాడును భుజాలకు వేసుకుని వంగాడు. చుట్టూ చేలల్లో కలుపు పీకుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. గవర్నమెంటు ఉద్యోగి, ఊరి పశువులకు డాక్టరు, షోకు మనిషి, మా చేలో ఎద్దులా వంగి నిలబడి ఉన్నాడు.

"తాడు దించు గోవిందప్పా," అన్నాడు నాన్న. చాలా రోజులకు ఆయనతో అన్న మొదటి మాట. "అందరూ సూస్తాండారు."

"సూడనీలే అన్నా. తోయి."

"వాన వస్తాదని నీకేం తెలుసప్పా? నువ్వేం దేవునివా?"

"తెలీకనే చెప్తిని కదన్నా," అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండా. "తెలీనోడు తెలీదనల్ల. నేను రాదంటి. నువ్వు నమ్మితివి."

ఆ మనిషిని ముందు పెట్టుకుని తోయడం నాన్న వల్ల కాలేదు. ముందున్న మామ కదలనూ లేదు. చివరికి నాన్న కళ్లు కిందికి దించుకుని తోశాడు, మామ లాగాడు, బద్ద నేలలో దిగి కలుపు వేళ్లతో సహా లేచింది. మొదటి సాలు చివర నేను వెళ్లి తాడు అందుకోబోతే మామ ఇవ్వలేదు. నాన్న గట్టిగా కసిరితే అప్పుడు ఇచ్చాడు. ఆయన భుజాల మీద చర్మం అప్పటికే లేచిపోయింది.

ఆ పంట ఓ మాదిరిగా చేతికొచ్చింది. మేం బస్సెక్కలేదు. మా చేను అయ్యాక ఆ గుంటక ఊళ్లో ఎద్దులు అమ్ముకున్న ప్రతి ఇంటికీ తిరిగింది. దాని వెంట మామా తిరిగాడు. ఊళ్ల మీదికి పశువుల్ని చూడటానికి మాత్రం కాలినడకన వెళ్లేవాడు. రామాంజి తన సైకిలు తెచ్చి తీసుకోమంటే, విప్పి శుభ్రంగా సర్వీసు చేసి వాడికే తిరిగిచ్చాడు. కొన్నాళ్లకు బదిలీ మీద వేరే తాలూకాకు వెళ్లిపోయాడు. చనిపోయాడన్న వార్త చాలా ఏళ్ల తర్వాత, ఎవరి నోటో విన్నాను. ఆయన మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఆశ్చర్యం మాత్రం పోలేదు.

ఇప్పుడు నేనూ ఊళ్లో పెద్దమనిషినయ్యాను. వద్దన్నా వచ్చి సలహాలు అడుగుతారు. నిన్న మా వీధి కుర్రరైతు ఒకడు వచ్చి, మిగిలిన చేను కూడా సోలారుకు కౌలుకు ఇచ్చేయమంటావా, లేక పెట్టుకోమంటావా అని అడిగాడు. ఇచ్చేయప్పా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అనడం ఎంత తేలికో, అన్నాక నాకు ఎంత గొప్పగా ఉంటుందో కూడా తెలుసు.

"నాకు తెలీదప్పా," అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "ఇంత వయసొచ్చినోడివి, నువ్వే తెలీదంటే ఎట్లన్నా?" అని గొణుక్కుంటూ లేచాడు. నేను చెప్పులు వేసుకుని, వాడి వెనకే వాడి చేను దాకా నడిచాను.