అద్దె కుర్చీల కంపెనీ

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఉద్యోగం దొరకడం కంటే దొరికిన ఉద్యోగాన్ని నమ్మడం కష్టంగా ఉండేది. మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు ఇంకా రాలేదు. మైత్రీవనం ముందు నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు కరపత్రాలు పడేవి. ఒకటి కోర్సు నేర్పుతామనేది, ఇంకొకటి కోర్సుతో పాటు కొలువు కూడా ఇప్పిస్తామనేది, మూడోది అసలు ఏమీ నేర్చుకోకపోయినా పర్వాలేదు, కొలువు మాత్రం ఖాయమనేది. ఈ మూడో రకం వాళ్ళు ఆరు నెలలు ఏసీ గదుల్లో గుడ్ మార్నింగులు చెప్పి, ఒక సోమవారం పొద్దున చెప్పాపెట్టకుండా మాయమైపోయేవాళ్ళు. దాన్నే బోర్డు తిప్పేయడం అంటారు. (బోర్డును నిజంగా ఎవరూ తిప్పరు, అది అక్కడే వేలాడుతూ ఉంటుంది. తిరిగేవి దాని కింద నిలబడ్డ పిల్లల తలలు.)

అలాంటి కాలంలో, నా ఇరవై రెండో ఏట, పంజాగుట్టలో నాలుగో అంతస్తులో ఉన్న ఒక విదేశీ కంపెనీ నాకు ఉద్యోగమిచ్చింది. సముద్రాల అవతల ఎవరి కారో ఇంకెవరి గోడకో గుద్దుకుంటే, ఆ బీమా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయో లేదో ఇక్కడ మేం కూర్చుని చూడాలి. పెట్టుబడంతా బయటి దేశం నుంచే వచ్చిందని, తీసుకున్న నలభై మందీ ఆడపిల్లలేనని మొదటి రోజే గర్వంగా చెప్పారు. నేనూ గర్వంగా ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న అంతా విని ఒక్క మాటే అన్నాడు: “మీ అత్తమ్మ నెల దినాలు సూస్తది బిడ్డా. ఆమె సరే అంటే చెయ్యి. వద్దంటే బస్సెక్కి వచ్చెయ్, గీడ బళ్ళె పాఠాలు చెప్పుకుందువు.”

మా అత్తమ్మంటే నాన్నకు అక్క, యూసుఫ్‌గూడలో ఉండేది. నేనూ ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఆమె ఓ ఆడపిల్లల హాస్టల్లో పాతికేళ్ళు వార్డెన్‌గా చేసి రిటైరైంది. పాతికేళ్ళ పాటు రోజూ గోడలెక్కే పిల్లలనూ, లేని జ్వరాలనూ, రాని మేనమామలనూ చూసిన మనిషికి లోకంలో అనుమానం లేని వస్తువంటూ ఏం మిగులుతుంది? చర్చిలో పాస్టరుగారు ప్రార్థన కొంచెం తొందరగా ముగించినా “ఏడికో పోయేదున్నట్టుంది” అని చెవిలో అనేది. మా చుట్టాలంతా ఆమెను ‘సీఐడీ అత్త’ అనేవాళ్ళు, ఆమె లేనప్పుడు.

చేరిన రోజు నాతో పాటు ఆఫీసుకొచ్చింది. నేను లోపల కాగితాల మీద సంతకాలు పెడుతుంటే ఆమె రిసెప్షన్‌లో కుర్చీని తలకిందులు చేసి చూసింది. అడుగున పసుపుపచ్చ స్టిక్కరుంది, కుర్చీలు అద్దెకిచ్చే దుకాణం వాళ్ళది. పక్క కుర్చీకీ ఉంది. బల్లకీ ఉంది. మూలనున్న మొక్క కుండీకీ ఉంది. అప్పుడే మా మానవ వనరుల సార్ బయటికొచ్చాడు. ఆయన ఏలూరు వైపు మనిషి, ఏ సంగతి చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు, అందుకే మేమంతా చిరునవ్వు సార్ అనేవాళ్ళం.

“గీ చెట్లు సుత కిరాయియేనా సారూ?” అంది అత్తమ్మ.

“అన్నీ అద్దెకేనండి. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఇంతేనండి. కొంటే పెట్టుబడంతా సామాన్లలో ఇరుక్కుపోతుంది కదండీ.”

“అంటే లేచిపోవుడు అల్కగైతది” అంది అత్తమ్మ. చిరునవ్వు సార్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇది చాలదన్నట్టు, నా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలన కోసం తీసుకున్నారని, వారంలో ఇచ్చేస్తారని ఆ రోజు దారిలో నోరు జారాను. అత్తమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అమీర్‌పేటలో ఒరిజినల్స్ ఇచ్చేయడమంటే పిల్లను తప్పిపోయినవాళ్ళ లెక్కలో రాసుకోవడమే. వారం పోయింది, రెండు వారాలు పోయాయి, మూడూ పోయాయి. సర్టిఫికెట్లు రాలేదు. అత్తమ్మ మాత్రం రావడం మొదలుపెట్టింది. రోజూ పదింటికి మా ఆఫీసు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కిటికీ పక్కన కూర్చుని, ఒక చాయ్ ముందు పెట్టుకుని, మా బిల్డింగులోకి ఎవరొస్తున్నారో, ఏం పట్టుకుపోతున్నారో ఒక నోటుబుక్కులో రాసుకునేది.

ఇక్కడ నేను చేసిన ఒక పాడు పని చెప్పాలి. మా గేటు దగ్గర కొత్తగా చేరిన సెక్యూరిటీ చాచా ఆమెను లేబర్ డిపార్టుమెంటు మనిషి అనుకున్నాడు. ఒకరోజు నన్నే ఆపి అడిగాడు: “బేటీ, గా సామ్‌నే హోటల్ల కూసున్న అమ్మ ఎవరో ఎరికేనా? రోజూ మన గేటే చూస్తున్నరు. నాకు మస్తు పరేషాన్ ఉంది.” నా పక్కన గోదావరి జిల్లా నుంచి వచ్చిన పక్క సీటు స్నేహితురాలు ఉంది. మేనత్త వెనకాలే కాపలా తిరుగుతోందని తెలిస్తే నా పరువేం కావాలి? “తెలియదు చాచా” అన్నాను. ఆయన ఆ రోజు నుంచి ఆమెకు తన తరఫున ఉస్మానియా బిస్కట్లు పంపడం మొదలుపెట్టాడు. అత్తమ్మ వాటిని తినకుండా రుమాల్లో కట్టి తెచ్చేది. “ఊకెనే ఎందుకిస్తుండ్రు? ఏదో ఉన్నది” అనేది. (బిస్కట్లన్నీ నేనే తిన్నాను. ఏమీ లేదు, బాగున్నాయి.)

నెల గడువు ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, మా కంపెనీలో డబ్బు పెట్టిన దేశం నుంచి పెద్ద మేడం వస్తోందన్నారు. అద్దాలు తుడిచారు. గోడ మీద నవ్వుతున్న ఆడపిల్లల బొమ్మ ఒకటి తగిలించారు. (మాలో ఒక్కరి పోలికా లేదు.) మేడం వచ్చే రోజు పొద్దున్నే, వాడిపోయిన మొక్కలూ, చిరిగిన కుర్చీలూ తీసుకుపోయి కొత్తవి పెట్టమని చిరునవ్వు సార్ అద్దె దుకాణానికి కబురు చేశాడట. కొత్తవి వెనక గేటు నుంచి సరుకుల లిఫ్టులో వచ్చాయి. పాతవి ముందు గేటు నుంచి ట్రాలీ ఆటోలోకి వెళ్ళాయి. అత్తమ్మ కిటికీకి కనిపించేది ముందు గేటొక్కటే.

ఆమె లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులూ ఎలా ఎక్కిందో నాకిప్పటికీ తెలియదు, మోకాళ్ళ నొప్పులని చర్చిలో మోకరించడం కూడా మానేసిన మనిషి. చాచా లేబర్ డిపార్టుమెంటు దాడికొచ్చిందనుకుని సెల్యూట్ చేసి తలుపు తీసి పట్టుకున్నాడు. అత్తమ్మ మా హాలు మధ్యలో నిలబడి, హాస్టల్ గంట లాంటి గొంతుతో ఒక్క కేక వేసింది.

“బిడ్డా! సామానంతా ఎత్తుకపోతుండ్రు! బోర్డు తిప్పేస్తుండ్రు! నీ సర్టిఫికెట్లు తీస్కో!”

ఇంకే ఊళ్ళోనైనా ఎవరీమె అని అడిగేవాళ్ళేమో. అక్కడున్న నలభై మందీ అమీర్‌పేటలో కరపత్రాలు పట్టుకుని తిరిగినవాళ్ళం. ఎవరూ ఏమీ అడగలేదు. మొట్టమొదట లేచింది నా గోదావరి స్నేహితురాలే. “అయ్యబాబోయ్, నా ఒరిజినల్సు!” అంటూ చిరునవ్వు సార్ గది వైపు పరుగెత్తింది. దాని వెనకాల ముప్పై తొమ్మిది మందిమి. బీరువా తీయమంటే ఆయన “ఏంటండీ ఇది, పెద్ద మేడం కింద దిగారండీ, పది నిమిషాలాగండి” అని బతిమాలాడు. ఆ మాటతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. పది నిమిషాలాగమని చెప్పి పారిపోయిన వాళ్ళ కథలు మాకు ఎన్ని తెలుసు! తాళంచెవి ఎవరు లాక్కున్నారో నేను చెప్పను, మా ఇంటి మనిషే.

బీరువా తెరుచుకుంది, తోపులాట మొదలైంది. అది చూసి అత్తమ్మలో వార్డెన్ మేల్కొంది. “ఏయ్! గిదేం పద్ధతి? లైన్ల నిలవడుండ్రి!” అంది. నలభై మందిమీ నిమిషంలో గోడవారగా ఒకే వరసలో నిలబడ్డాం. ఆమె గంజి పెట్టిన చీర కొంగు సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సర్టిఫికెట్ల మీద పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి.

పెద్ద మేడం ఏం చూసిందో ఆలోచించండి. కొత్త మొక్కలు, వరసలో నిలబడ్డ నలభై మంది ఆడపిల్లలు, చివర హుందాగా ఉన్న ఒక పెద్దావిడ, ఆమె చేతిలో సర్టిఫికెట్లు. మేడం కళ్ళు మెరిశాయి. చప్పట్లు కొట్టింది. చిరునవ్వు సార్ తనకు చేతనైన ఒకే ఒక్క పని చేశాడు, నవ్వాడు. మేడం నేరుగా వచ్చి అత్తమ్మ పక్కన నిలబడింది. అత్తమ్మ పేరు చదువుతుంటే, మేడం ఒక్కొక్కరికీ కరచాలనం చేసి, ఎవరి డిగ్రీ వాళ్ళకు అందించి, అభినందనలు చెప్పింది. ఫోటోలు తీశారు. మూడేళ్ళు కష్టపడి చదివి, ఊళ్ళో కాలేజీ గుమస్తా విసుక్కుంటూ కిటికీలోంచి పడేసిన నా బీకాం పట్టాను, సముద్రాలు దాటొచ్చిన మనిషి రెండు చేతులతో ఇచ్చింది. ఇప్పుడంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మేడం అత్తమ్మతో మాట్లాడాలంది. మాటలు అటూఇటూ చేరవేసే పని నా నెత్తిన పడింది. అత్తమ్మ మొదటి ప్రశ్న: “అందరు ఆడపిల్లలే ఎందుకు?” మేడం చెప్పింది, ఓపికగా చేస్తారని, మాటిమాటికీ ఉద్యోగాలు మారరని. నేను తెలుగులో చెప్పాను. “మారరు, సరే. జీతం పెంచుమని సుత అడగరు గదా? గది సుత అడుగు” అంది. నా ఉద్యోగం నాలుకకు వేలాడుతోంది. మా అత్తమ్మ చాలా సంతోషిస్తోందని ఇంగ్లీషులో చెప్పాను. అత్తమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పాతికేళ్ళు ఇంగ్లీషు మీడియం హాస్టల్లో చేసిన మనిషని ఆ క్షణంలో ఎలా మరిచానో!

నన్ను పక్కకు జరిపి తానే అడిగింది. “మేడం, యూ కేమ్. గుడ్. వెన్ గో?”

హాలంతా చల్లబడింది. చిరునవ్వు సార్ ముఖం మీద నవ్వు మొదటిసారి లేకుండా చూశాను.  మేడం నెమ్మదిగా, తనకు తెలియదని, అది తన ఒక్కదాని చేతిలో లేదని, వెళ్ళేట్టయితే ముందుగా చెబుతామని మాత్రం తాను అనగలనని చెప్పింది. అత్తమ్మ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది. “నిజం చెప్పింది. చెయ్యి” అంది నాతో.

సాయంత్రం ఇద్దరం పంజాగుట్ట నుంచి నడుచుకుంటూ వస్తున్నాం. ఆమె కోపంగా లేదు, అదే నాకు భయంగా ఉంది. అమీర్‌పేట చౌరస్తా దాటాక తనే మొదలుపెట్టింది.

“నీ ఈడుల నేను సుత నౌకరి చేసిన, సనత్‌నగర్ దిక్కు. రేడియోల కంపెనీ. బయటిదేశపోళ్ళ పైసలే. సన్నటి తీగెలు అతుకుడు. ఆడపిల్లల వేళ్ళు సన్నగుంటయని అందరం ఆడోళ్ళమే. ఒకనాడు పొద్దుగాల పోతె గేటుకు తాళముంది. ఎవ్వలు చెప్పలే.”

“ఇంట్ల ఏమన్నరత్తమ్మా?”

“ఇంట్ల ఎట్ల చెప్తనే? కొలువుకు పోవద్దని కొట్లాడిండ్రు, పంతం పట్టి పోయిన. తొమ్మిది దినాలు రోజు లెక్కనే టిఫిన్ కట్టుకొని బయల్దేరిన. గా గేటు కాడనే కూసున్న. దూపైతే నల్లా నీళ్ళు తాగి, ఐదుగొట్టంగ ఇంటికొచ్చిన.”

 చాచాతో నేనన్న మాట గుర్తొచ్చింది. ఆపుకోలేక చెప్పేశాను, నువ్వెవరో తెలియదన్నానని. రోడ్డు మీదే ఏడ్చాను. అత్తమ్మ నింపాదిగా “ఎరికే” అంది. “గాయన సలాం కొట్టినప్పుడే సమజైంది. గందుకేనాయె బిస్కట్లొచ్చినయి.”

ఆ కంపెనీలో నాలుగేళ్ళు చేశాను. కాగితం చూడగానే అందులో అబద్ధమెక్కడుందో పట్టడం అక్కడే నేర్చుకున్నాను. (రక్తంలో ఉన్న విద్యేనని చుట్టాలు అంటారు.) ఐదో ఏడు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, పని ఇంతకంటే చవకగా జరిగే దేశానికి తరలిపోతోందని, నెల రోజుల్లో ఇక్కడ మూసేస్తారని చెప్పారు. అప్పటికి నాకు ఇరవై ఆరు దాటింది, ప్రపంచం అంతమైపోయిందనుకున్నాను. ఇవాళ మూడో కంపెనీలో, అది కూడా బయటివాళ్ళదే, ఇరవై మంది అమ్మాయిలకు పని నేర్పుతూ ఆ ఇరవై ఆరేళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఆటో దిగి ఎంత గట్టిగా తలుపు కొట్టిందో తలుచుకుంటే ముద్దొస్తుంది కూడా. మధ్యాహ్నం పన్నెండున్నర. అత్తమ్మ బెండకాయలు తరుగుతోంది.

“కంపెనీ పోతుందంట అత్తమ్మా” అన్నాను చెప్పులైనా విడవకుండా.

కత్తిపీట ఆగింది. “ఎన్ని దినాల ముందుగాల చెప్పిండ్రు?”

“నెల.”

“చెప్పిండ్రా?” అంది.  మొదటిసారి ఒక కంపెనీ మీద ఆమె ముఖంలో అనుమానం లేదు. “మంచోళ్ళే. కాళ్ళు కడుక్కొని రా, అన్నం తిందాం.”