కొచ్కోర్ మనిషి చెప్పిన ధర

అత్‌బాషీ పశువుల సంతలో గుర్రం కొనదలచినవాళ్లు ముందు సతార్‌కుల్ ఎక్కడున్నాడని వాకబు చేస్తారు. అరవై దాటిన మనిషి, కాస్త గూని. గుర్రం నోరు తెరిచి పళ్లు చూస్తాడు, కాళ్లు తడుముతాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. "దండగ, వదిలెయ్" అన్నాడంటే ఆ బేరం అక్కడితో సరి. ఇంత చేసినందుకు పైసా అడగడు. పులిసిన గుర్రప్పాలు, అదే కుమిస్, ఒక గిన్నెడు పోస్తే చాలు.

ఊరందరి గుర్రాల సంగతీ తెలిసిన ఈ పెద్దమనిషికి తన దొడ్లో ఉన్న గుర్రం సంగతే తెలియదు. తెలియదనడం కూడా తప్పే, తెలుసుకోవడం ఇష్టం లేదు.

ఆ గుర్రం పేరు కష్కా. నుదుట తెల్లటి చార ఉంటే మా దగ్గర ఆ పేరే పెడతారు. ఉలక్ ఆటలో మేక కళేబరం లాక్కోవడానికి రౌతులు పోటీపడి, గుర్రాలు కుమ్ముకుంటుంటే, కష్కా దూరిందంటే దారివ్వని గుర్రం ఉండేది కాదు. అలాంటి ఆట ఒకటి ముగిశాక, సంతలో గోధుమరంగు కోటు వేసుకున్న కొచ్కోర్ ఊరి మనిషి ఒకడు చెయ్యి చాచి "నాలుగు లక్షల సోమ్‌లు" అన్నాడు. మా దగ్గర బేరం నోటితో కుదరదు, చేతులు కలిస్తేనే కుదురుతుంది. దళారి మణికట్టు పట్టి లాగినా, సతార్‌కుల్ తన చేతిని పొడవాటి కోటు చేతిలోకి లాగేసుకున్నాడు. నాలుగిస్తానన్నవాడు వచ్చే ఏడు అయిదిస్తాడని ఆయన లెక్క.

మరుసటి వసంతంలోనే కష్కా ముందుకాలి నరం తెగింది. వాపు తగ్గింది కానీ కుంటు తగ్గలేదు. రెండు లక్షలకు అడిగినవాడితో "నాలుగే కాదన్నవాణ్ణి" అన్నాడు సతార్‌కుల్. లక్షన్నరకు అడిగినవాడికీ అదే సమాధానం. ఆ తర్వాత అడగడం మానేశారు. కష్కాకు బార్లీ, కాలికి పూత, కట్లు కట్టేవాడికి కూలి, ఈ ఖర్చులు మాత్రం ఆగలేదు. వాటికోసం ముందు గొర్రెలు పోయాయి, తర్వాత పాలిచ్చే రెండు ఆడగుర్రాలు పోయాయి. వాటిని అమ్మి వచ్చిన రోజు ఆయన మొహం వెలిగిపోయేది.

"కొన్నదానికి రెట్టింపు పలికింది, చూశావా!" అనేవాడు భార్య కలీజాన్‌తో.

"పాలిచ్చేవాటిని అమ్మి, తిని పడుకునేదాన్ని మేపుతున్నావు. ఇదేం లాభమయ్యా?"

"మరి కష్కాని ఇప్పుడు అమ్మితే సగానికి సగం నష్టం కాదూ?"

"ఆ నాలుగు లక్షలు నీ చేతికి ఎప్పుడొచ్చాయి, నష్టపోవడానికి?"

ఇన్నాళ్లు పోసిన బార్లీ అంతా బూడిదలో పోసినట్టేనా అని విసుక్కుని బయటికి వెళ్లిపోయేవాడు. మూడు చలికాలాలు ఇదే వరస.

ఇక దొడ్లో కష్కా కాక మిగిలింది బోజ్ ఒక్కటే. బూడిదరంగు ఆడగుర్రం, పుట్టింటి మందలో కలీజాన్ వాటాగా వచ్చింది. వేసవి పొడుగునా దాని కుమిస్‌ని రోడ్డు పక్కన అమ్మి ఆమె ఇల్లు నడుపుతోంది. ఈసారి మంచు పడేముందే బార్లీ నిండుకోవచ్చింది. ఆదివారం బోజ్‌ని సంతకు తోలుకెళ్తానన్నాడు సతార్‌కుల్.

కలీజాన్, "నేనూ వస్తా. దాని పలుపు నా చేత్తోనే తీస్తా" అంది. పశువును అమ్మినా పలుపు ఇవ్వం మేము. అది ఇంట్లో ఉంటే ఆ పశువు తెచ్చిన అదృష్టం గడప దాటదని నమ్మకం.

సంతలో బోజ్‌కి బేరం ఇట్టే వచ్చింది. నారిన్ నుంచి వచ్చిన మనిషి మంచి ధరే చెప్పాడు. దళారి ఇద్దరి చేతులూ పట్టుకుని దగ్గరికి లాగుతున్నాడు. "ఇవ్వవయ్యా చెయ్యి! కొత్తకోడలిలా ఆ బిడియం ఏంటి?"

సరిగ్గా అప్పుడే సతార్‌కుల్‌కి గోధుమరంగు కోటు కనిపించింది. చెయ్యి విడిపించుకుని గబగబా వెళ్లాడు. కొచ్కోర్ మనిషి నిలబడి మాంసం కూరిన సంసా తింటున్నాడు.

"తమ్ముడూ, గుర్తుపట్టావా? నా కష్కాని నాలుగు లక్షలకు అడిగావు."

"ఏ కష్కా, పెద్దాయనా? ఈ సంతలో సగం గుర్రాలు కష్కాలే కదా."

"ఉలక్ గుర్రం! ఇప్పుడు మూడున్నరకైనా ఇచ్చేస్తా."

అతను నూనె చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. "పెద్దవారు కాబట్టి నిజం చెప్తున్నా. మంచి గుర్రం కనిపిస్తే నేను నాలుగంటాను. మీరు చెయ్యి కలిపితే, వచ్చేవారం డబ్బు తెస్తా, ఇంకెవరికీ ఇవ్వకండి అంటాను. వారం గడిచేసరికి మిగతావాళ్లు వేరే గుర్రాలు కొనుక్కుని పోతారు. అప్పుడు రెండుకే నాది. ఆ రోజు నా జేబులో తిరుగు బండి ఖర్చులైనా ఉన్నాయో లేదో!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. "గుర్రాల పళ్లు చూసినట్టే వీడి పళ్లు కూడా చూడాల్సింది, సతార్‌కుల్!" అన్నాడొకడు.

సతార్‌కుల్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లేని డబ్బు పోతుందన్న భయంతో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. అమ్మేసిన ఆ రెండు ఆడగుర్రాలూ కళ్లముందు మెదిలాయి. మెల్లగా కలీజాన్ దగ్గరికి వచ్చి, "ఆ నాలుగు లక్షలు ఉత్తవేనట" అన్నాడు.

"నిజమైనవే అయితే మాత్రం? మనింటికి రాలేదుగా" అంది కలీజాన్. ఆమె చేతులు బోజ్ పలుపు ముడి మీదే ఉన్నాయి.

దళారి మళ్లీ ఆయన మణికట్టు అందుకోబోయాడు. సతార్‌కుల్ చెయ్యి కోటులోకి లాక్కున్నాడు.

"ఇది అమ్మను. వచ్చే ఆదివారం రండి. ఇంట్లో కుంటిది ఒకటుంది, దాన్ని అమ్ముతా."

కష్కాని ఆయన కుంటిది అనడం కలీజాన్ వినడం అదే మొదలు. ఆమె పలుపు ముడి మళ్లీ బిగించింది.

నారిన్ మనిషికి కుంటిది అక్కర్లేకపోయింది. మరుసటి ఆదివారం సంతలో కష్కాని చూడ్డానికి ఒక గొర్రెలకాపరి వచ్చాడు. ఊరివాళ్ల గుర్రాలను చూసినట్టే సతార్‌కుల్ తన గుర్రం పళ్లు తనే చూపించాడు. "ముందుకాలు పాడు. పరుగుకి పనికిరాదు, గొర్రెల వెనక నడుస్తుంది" అన్నాడు. కాపరి తొంభై వేలన్నాడు. చేతులు కలిశాయి. అదృష్టం ఇంట్లోనే ఉండాలని సతార్‌కుల్ కష్కా మూతి మీది నురగను కోటు అంచుకు తుడుచుకుని, పలుపు విప్పి, అందరి ముందూ ఏడ్చాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ బకెట్‌లో అడుగున మిగిలిన బార్లీ తీసుకుని దొడ్లోకి వెళ్లాడు. కష్కా చోటు ఖాళీగా ఉంది. బకెట్ తెచ్చి బోజ్ ముందు పెట్టాడు. అది వాసన చూసి వెనక్కి తగ్గింది.

"తినదేం?" అన్నాడు.

"దానికెప్పుడైనా పెట్టావా, తెలియడానికి?" అంది గుమ్మంలో నిలబడ్డ కలీజాన్.

సతార్‌కుల్ గింజలు దోసిట్లోకి తీసుకుని, అది తినేదాకా అలాగే నిలబడ్డాడు.