సిరాజ్ లెక్క

కురుపాం మార్కెట్ వెనక సందులో గిటార్లూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే సిరాజ్ ఈమధ్య షట్టర్ పూర్తిగా ఎత్తడం మానేశాడు. సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, స్టూలు మీద కూర్చుంటున్నాడు. అలా కూర్చుంటే వీధిలో వెళ్ళేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి తప్ప ముఖాలు కనిపించవు. అతనికి కావలసిందీ అదే. యాభై మూడేళ్ళొచ్చినా ఎవరిచేతా ఒక మాట పడని మనిషి ఇలా సొంత కొట్లో దాక్కుంటున్నాడంటే దానికి కారణం ఒక పాట. నిజానికి పాట తప్పేమీ లేదు. తప్పంతా ఆ పాట మీద సిరాజ్ రాసిన పొగడ్తది.

సిరాజ్ తండ్రి ముజీబ్ అదే కొట్లో హార్మోనియంలూ పెళ్ళి బ్యాండువాళ్ళ బాకాలూ బాగుచేసేవాడు. ఇంటర్ తప్పగానే కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు. చదువు ఎక్కలేదు గాని సిరాజ్ చెవి మాత్రం మహా గట్టిది. తీగ ఒక్కసారి మీటితే చాలు, గిటార్ మెడ మీద ఏ మెట్టు అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ చెవిని చూసుకుని అతనికి కాస్త గర్వం ఉండేది. ఉండనిద్దాం, ఆ వయసులో ఎవరికి లేదు కనక.

ముప్పై ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి తీగ బిగించే బిరడ విరిగిన గిటార్ పట్టుకుని ఆ కొట్టుకి వచ్చాడు. పాలకొండ దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం ఆయనది. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం, దువ్వాడలో కాపురం. బిరడ మార్చాక గిటార్ సరిగ్గా ఉందో లేదో చూస్తానని బల్ల మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు ఆపలేదు. సిరాజ్ అలవాటు కొద్దీ బల్ల మీద వేలితో తాళం వేయబోయాడు. కుదరలేదు. నాలుగు అనుకుంటే ఐదయింది, ఐదు పట్టుకునేసరికి ఏడయింది. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని, ఇంత పొడుగ్గానే ఉంటుందని, తాళం మారడమే అందులో మజా అని ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు.

"ఇది ఎవరు కట్టేరండీ?" అని అడిగాడు సిరాజ్.

"నానే" అన్నాడాయన, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

అప్పటి నుంచీ శ్రీరామ్మూర్తి మొత్తం నలభై రెండు ఆల్బమ్‌లు చేశాడు. అబద్ధం కాదు, నలభై రెండు. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఇప్పుడు ఫోన్‌లో వచ్చేవి. పొగగొట్టం మీద ఒకటి, ఇనపరాయి మోసే కన్వేయర్ మీద ఒకటి, తుఫాను మర్నాడు కరెంటు లేని ఊరి మీద ఒకటి. షిఫ్టు దిగి వచ్చి, నాలుగు ముద్దలు తిని, వెనక గదిలో కూర్చుని చేసినవే అన్నీ. అభిమానులు పద్నాలుగు మంది. పద్నాలుగు వేలనుకునేరు, పద్నాలుగు మందే. మల్కాపురంలో ఉండే గవర్రాజు పోర్టులో ఓడల్ని లాగే టగ్గు నడుపుతాడు. దేవిశ్రీ దువ్వాడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తక్కినవాళ్ళూ అలాంటివాళ్ళే. కాని ఆ పద్నాలుగు మందీ పద్నాలుగు వేల మంది పెట్టు.

కొత్త ఆల్బమ్ రాగానే ఆదివారం మధ్యాహ్నం అందరూ సిరాజ్ కొట్లో చేరాలి. అది వాళ్ళ ఆచారం. పాట నడుస్తున్నంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. సిరాజ్ స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద మెల్లగా కొడుతూ తాళం పట్టుకుంటాడు. పట్టు దొరికాక స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "ఐదు, ఐదు, ఏడు" అనో, "పదకొండు, మధ్యలో ఒక తొమ్మిది" అనో చెబుతాడు. అప్పుడు గాని ఎవరూ వాహ్ అనరు. దానికి సిరాజ్ లెక్క అని పేరొచ్చింది. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా అనుమానమొస్తే, "సిరాజ్ లెక్క ఏటి?" అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసం సిరాజ్ ఆల్బమ్ ఆల్బమ్‌కీ ఎదురుచూసేవాడు. పోనుపోను అతను పాట వినడం తగ్గించి లెక్కపెట్టడం పెంచాడు. అది అతనికే తెలియలేదు.

శ్రీరామ్మూర్తి భార్య చిలకమ్మకి ఈ గొడవేమీ పట్టదు. సిరాజ్‌ని మొదటి రోజుల్లోనే తమ్ముడూ అంది. అలా ఈ ఇద్దరూ బావలయ్యారు.

మొన్న వేసవిలో శ్రీరామ్మూర్తి ఒక పాట సిరాజ్ ఒక్కడికే పంపాడు. పేరు 'రెండో షిఫ్టు', పద్దెనిమిది నిమిషాలు. దాంతోపాటు గొంతుతో చెప్పిన మాట కూడా ఉంది.

"బావా, ఇది ఇంకెవులికీ పంపనేదు. సివరిదాకా ఇను. ఎలాగుందో ఉన్నదున్నట్టు సెప్పు. బాగుంటే అందరికీ ఇనిపిద్దుం. బాగోపోతే నాను ఊరుకుంటాను. నీ సెవి మీద నాకు నమ్మకం."

ఇంతకన్నా తేటగా ఎవరు అడుగుతారు? సిరాజ్ మాత్రం స్క్రూడ్రైవర్ తీశాడు. ఏడు, ఏడు, ఎనిమిది. మళ్ళీ ఏడు. తర్వాత తొమ్మిదిలా ఉంది, కాదు, ఎనిమిదేనేమో. మూడుసార్లు విన్నా పట్టు దొరకలేదు. తొమ్మిదో నిమిషంలో ఒకచోట తీగ గుర్రుమంది. వేలు తీగని సగమే నొక్కితే వచ్చే చప్పుడది. గిటార్ నేర్చుకునే పిల్లల చేతుల్లో రోజుకి పదిసార్లు వినే చప్పుడు. ఆ తర్వాత ఒక స్వరం ఆలస్యంగా వచ్చింది. సిరాజ్‌కి వినిపించింది. వినిపించలేదని తర్వాత తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ రోజు వినిపించింది.

కాని నాకు లెక్క దొరకలేదని సిరాజ్ ఎలా చెబుతాడు? ముప్పై ఏళ్ళుగా ఎప్పుడూ చెప్పలేదే! మూడు రోజులు క్యాలెండర్ వెనక అంకెలు వేసి, చెరిపి, ఏడు ఏడు ఎనిమిది ఏడు కలిపి ఇరవై తొమ్మిది అని తేల్చాడు. ఇరవై తొమ్మిది దెబ్బల ఆవర్తం! అందులో ఇమడని చోట్ల, "ఇక్కడ స్వరకర్త స్వేచ్ఛ తీసుకున్నారు" అని రాశాడు. ఆ గుర్రుమన్న తీగని "యంత్రం గొంతు" అన్నాడు. నలభై రెండు ఆల్బమ్‌లూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు అని ముగించి, బావ అనుమతైనా అడక్కుండా పాటతో సహా గ్రూపులో పెట్టేశాడు. తక్కిన పదమూడు మందీ చప్పట్ల బొమ్మలు పెట్టారు. గవర్రాజు రెండుసార్లు పెట్టాడు.

సాయంత్రం శ్రీరామ్మూర్తి ఫోన్ చేశాడు.

"బావా, నాను ఏడే అనుకుని వాయించేను. మొదుట్నించి సివరిదాకా ఏడే."

"మీకు తెలీకుండానే వచ్చీసింది బావగారూ. అదే మరి గొప్ప!"

"నిజిమే అంటావా?"

"నా మీద నమ్మకం లేదా ఏటి?"

"నీ మీద నేకేటి, బావా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ రాత్రి సిరాజ్ రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

ఇక గవర్రాజు ఆగలేదు. మల్కాపురంలో ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాడు. గురువుగారికి సన్మానం, ఆయన చేత 'రెండో షిఫ్టు' వాయింపు. డ్రమ్స్‌కి పెందుర్తి నుంచి మోహన్ అనే కుర్రాణ్ణి పిలిచారు. సిరాజ్ ఇరవై తొమ్మిదీ పెద్ద అంకెలతో కాగితం మీద వేసి, మోహన్ కళ్ళ ముందు అంటించాడు. శ్రీరామ్మూర్తికీ ఒక కాగితం ఇచ్చాడు. ఆయన పాటకి ఆయనకే కాగితం!

హాల్లో ఎనభై మంది దాకా వచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీలో పాత సావాసగాళ్ళు వచ్చారు. ఆయన వాయించగా ఎన్నడూ కూర్చుని వినని చిలకమ్మ కూడా కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. శాలువా కప్పారు, దండ వేశారు. పాట మొదలైంది. రెండు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత గిటార్ ఒక దారి, డ్రమ్స్ ఒక దారి అయ్యాయి. మోహన్ తప్పేం లేదు, కాగితంలో ఉన్నట్టే కొట్టాడు. శ్రీరామ్మూర్తి ఆపి, "సెమించండి" అని మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి ఇంకా ముందే విడిపోయాయి. మూడోసారి ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ తీగల మీంచి జారిపోవడం ముందు వరసలో అందరికీ కనిపించింది. వెనకెక్కడో ఎవరో నవ్వారు.

శ్రీరామ్మూర్తి గిటార్ ఒళ్ళో పెట్టుకుని మైకు దగ్గరికి జరిగాడు.

"నా సెయ్యి మాట ఇంటం నేదండీ. నాలుగు నెల్లయింది. పాట బాగోనేదని నాకు అనిపించింది. మీరందరూ బాగుందన్నారు. మరి నా సెవే పాడయిందేమో అనుకున్నాను."

సిరాజ్‌కి తల కొట్టేసినట్టయింది. ఎనభై మందీ తననే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. చూసి ఉంటే బాగుండేదేమో. అతను పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని సింధియా జంక్షన్ వైపు నడిచిపోయాడు. గ్రూపులో పెట్టిన పొగడ్త ఆ రాత్రే తీసేశాడు. తీసేస్తే ఏం, పద్నాలుగు మందీ చదివేశారు.

తర్వాత నెలా పది రోజులు దువ్వాడ వైపు వెళ్ళలేదు. ఫోన్ వస్తే తీయలేదు. ఇంట్లో భార్య ఖుష్నుమా ఊరుకునే మనిషి కాదు.

"తప్పు చేసినోడివి, పోయి ఒప్పుకో. ఎన్నాళ్ళిలా షట్టర్ కింద దూరతావ్?" అంది.

ఒక శుక్రవారం నమాజయ్యాక బండి తీశాడు. గాజువాక దాటే దాకా మూడుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాడు. చిలకమ్మ తలుపు తీసింది. రా అనలేదు, పొమ్మనలేదు. పక్కకి జరిగింది.

"మోసేతి కాడ నరం నొక్కుకుపోయిందంట తమ్ముడూ. ఆపరేసన్ అయ్యింది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాను వేసవిలోనే సెప్పేను. వంటింట్లో ఉంటే నాకు ఇనబడ్డాది, ఈ మనిసి సెయ్యి తడబడతందని. డాట్రుకాడికి ఎల్దుమని ఆస్పత్రి సీటీ కూడా రాయించేను. ఎల్లేముందు సిరాజ్‌ని అడుగుతానన్నాడు. నువ్వేమో ఆకాసానికి ఎత్తీసినావు. నా సెయ్యి బాగుందే, బావ సెప్పేడు కదా అని ఆ సీటీ సింపీసినాడు. ముందొస్తే బాగుణ్ణు అన్నాడు డాట్రు" అంది.

సిరాజ్ చెప్పులు గుమ్మంలో విడిచాడు. ఏ తాళం ఎరగని మనిషి, తాలింపు పెట్టుకుంటూ విన్నది. తనేమో మూడు రోజులు చెవి ఒగ్గి, కాగితం నింపి, విన్నదాన్ని దాచాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

వెనక గదిలో శ్రీరామ్మూర్తి మోచేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గిటార్ గోడకి ఆనించి ఉంది. సిరాజ్ కింద చాప మీద కూర్చున్నాడు.

"తొమ్మిదో నిమిషం కాడ తీగ గుర్రుమంది బావగారూ. ఉంగరం వేలు పూర్తిగా నొక్కలేదు" అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. మొదటిసారి విన్నప్పుడే."

శ్రీరామ్మూర్తి కోప్పడితే బాగుండునని సిరాజ్ అనుకున్నాడు. నాలుగు తిట్టినా పడేవాణ్ణి అనుకున్నాడు. ఆయన కోప్పడలేదు. ఒక్క మాట అడిగాడు.

"మరి ముందువో? ఆ నలభై రెండూ?"

సిరాజ్‌కి ఇది తట్టనే లేదు. చెయ్యి గురించే అనుకుంటూ వచ్చాడు. తను ఆడిన ఒక్క అబద్ధం వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, ముప్పై ఏళ్ళ మెచ్చుకోళ్ళన్నిటినీ ముట్టుకుందని ఇప్పుడు తెలిసింది. అవన్నీ నిజమే బావగారూ అనడానికి నోరు తెరిచాడు. ఆ మాట తనకే డొల్లగా వినిపించి ఆగిపోయాడు.

"ఇరవై రెండోది నాకు నచ్చలేదు" అన్నాడు చివరికి. "బాగుందని రాశాను. ముప్పై ఒకటోది సగంలో నిద్రపోయాను. లెక్క దేవిశ్రీగారిని అడిగి చెప్పాను. మిగతావాటికి మాత్రం... కన్వేయర్ పాట విన్న రోజు కొట్టు కట్టేసి సముద్రం ఒడ్డుకి పోయి కూర్చున్నాను. అది ఎవరికీ చెప్పలేదు. రాయలేదు కూడా."

గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ చిలకమ్మ, "ఇరవై రెండోది నాకూ నచ్చనేదు" అంది.

శ్రీరామ్మూర్తి నవ్వలేదు. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమచేతి చివరి వేళ్ళు రెండూ ఒళ్ళో మెల్లగా ముడుచుకుని, పూర్తిగా ముడుచుకోలేక ఆగిపోయాయి.

"సెయ్యి కుదురుకుంటే ఒకటి పంపుతాను. కుదరకపోతే నేదు" అన్నాడు. "లెక్కెట్టకు బావా. ఇను."

సిరాజ్ తలూపాడు. టీ చల్లారేదాకా తల ఎత్తలేకపోయాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఎదురుగానే ఉన్న తన చెప్పుల కోసం కాసేపు వెతుక్కున్నాడు.

ఇప్పుడు ప్రతి ఉదయం ఆ సగం షట్టర్ కింద ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాడు. స్క్రూడ్రైవర్ సొరుగులో ఉంటుంది. ఇంతవరకూ ఏదీ రాలేదు.