వెంట్రుకవాసి

మా వదిన పళ్ళు చేస్తుంది. ఈ మాట అనగానే అందరూ "డాక్టరమ్మా?" అంటారు. కాదు. డాక్టరు నోరు తెరిపించి అచ్చు తీస్తాడు, ఆ అచ్చు ల్యాబుకి వెళ్తుంది. అక్కడ ఎవరో ఒకరు, ఆ నోరు ఏ మనిషిదో తెలియకుండానే, దానికి సరిపోయే పన్ను తయారు చెయ్యాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఎవరో ఒకరు మా వదినే. ఊళ్ళో ఎంతోమంది ఆవిడ చేసిన పళ్ళతో నవ్వుతున్నారు, తింటున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఒక్కరికీ ఆవిడ మొహం తెలియదు. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వదినకి మాత్రం ఆ పట్టింపే లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బ్యాంకులో పెట్టుబడుల సలహా ఇచ్చే బల్ల దగ్గర కూర్చుంటాను. కంపెనీ మూతపడినవాళ్ళు, చెక్కు చేతిలో పెట్టి ఇక చాలు పొమ్మనిపించుకున్నవాళ్ళు, యంత్రం వచ్చి చేసే పని పోయినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని ఇప్పుడేం చెయ్యమంటారని అడుగుతారు. నేను కాగితం మీద గడులు గీస్తాను. ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి, మీకు అర్థంకాని దాంట్లో పెట్టకండి, పక్కింటివాళ్ళు కొన్నారని స్థలం కొనకండి, ఉన్నదంతా ఒక్కచోట పొయ్యకండి అని చెప్తాను. చాలామంది తల ఊపి వెళ్ళి స్థలం కొంటారు. వదిన నాకు పెట్టిన పేరు సలహాల మరిది.

వదిన పనిచేసే గది రెండో అంతస్తులో ఉంటుంది. పొడుగాటి బల్ల, దాని మీద వరుసగా స్పిరిట్ దీపాలు, గోడ నిండా అరల్లో అచ్చుల్లో పోసి తీసిన తెల్లటి ప్లాస్టర్ దవడలు. మొదటిసారి వెళ్ళినప్పుడు అన్ని దవడలు నన్ను చూసి నవ్వుతున్నట్టుంటే గుమ్మంలోనే ఆగిపోయాను. వదిన సన్నటి కత్తిని మంటలో వేడిచేసి, దాంతో మైనాన్ని చుక్కచుక్కగా అందుకుని, దవడ మీద పన్నుని పేరుస్తుంది. మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి చూస్తుంది. ఆ మైనపు పన్ను అచ్చులో లోహం పోస్తే తర్వాత అసలు పన్నవుతుంది.

పోయినేడు ల్యాబు ఓనరు రెండు యంత్రాలు తెప్పించాడు. ఒకటి దవడ బొమ్మని తెర మీదికి ఎక్కిస్తుంది. రెండోది తెల్లటి గట్టి దిమ్మలోంచి పన్నుని చెక్కి బయట పడేస్తుంది. మైనం బల్ల దగ్గర అప్పటికి తొమ్మిదిమంది ఉన్నారు. ఓనరు చెడ్డవాడేం కాదు. అందరినీ కూర్చోబెట్టి టీ ఇప్పించి రెండు దారులు చెప్పాడు. ఒకటి, పెద్ద మొత్తం ఒకేసారి తీసుకుని వెళ్ళిపోవడం. రెండోది, సగం జీతం మీద ఆరు నెలలు తెర ముందు కూర్చుని నేర్చుకోవడం. ఆయనకి పని నచ్చితే పాత జీతం, పాత ఉద్యోగం. నచ్చకపోతే ఉత్త చేతులతో ఇంటికి, ఆ పెద్ద మొత్తం కూడా దక్కదు. ఎనిమిదిమంది ఆ పెద్ద మొత్తమే తీసుకున్నారు. వదిన ఇంకా ఏమీ తేల్చలేదు.

ఆ ఆదివారం నేను కాగితం, పెన్ను పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన అడగలేదు. అడిగేదాకా ఆగే అలవాటు నాకు లేదు. వచ్చే మొత్తాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి డిపాజిట్లో, ఒకటి బాండ్లలో, ఒకటి పదేళ్ళు ముట్టుకోకుండా ఫండ్లలో ఎలా పెట్టాలో గీసి చూపించాను. వదిన శ్రద్ధగానే వింది.

"ఇలా చేస్తే నెలకి ఎంతొస్తుంది?" అంది.

"నీ జీతంలో మూడోవంతు. కానీ అసలు ఎక్కడికీ పోదు వదినా."

"నాకు యాభై ఏళ్ళు. ఇంకో పదేళ్ళు పనిచేసే ఒళ్ళుంది. ఆ పదేళ్ళని ఏ గడిలో వేశావు?"

వెయ్యలేదు. వెయ్యాలన్న ఆలోచనే రాలేదు.

"అది గ్యారంటీ లేని డబ్బు వదినా. రేపు ఆరు నెలలయ్యాక ఆయన కుదరదంటే?"

"అంటే పోతుంది. ఈ ఆరు నెలలకి సరిపడా విడిగా దాచిపెట్టాను. ఎప్పుడో నువ్వు చెప్పిందేగా. మీ అన్నయ్య జీతం ఎలాగూ ఉంది. పస్తులేం ఉండం."

నా మాట నాకే అప్పజెప్పేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. అప్పుడు నోరు జారాను. "ఈ వయసులో చిన్నపిల్లల పక్కన కూర్చుని మౌసు పట్టుకుని నవ్వులపాలవుతావు, చూస్కో" అన్నాను.

నోట్లో నాలుక లేని మా అన్నయ్య లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. వదిన కప్పులు తీసి సింకులో పెట్టి, "మైనం కరిగించకుండా ఇంట్లో కూర్చుంటే ఈ చేతులకి నేనేం చెప్పుకోను మరిదీ?" అని మాత్రం అంది. గడులు గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

వదినకి తెర మీద పని నేర్పడానికి వచ్చిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఆ అమ్మాయి వదినని ఆంటీ అంటుంది, వదిన ఆ అమ్మాయిని మేడమ్ అంటుంది. మొదటి నెల వదిన మౌసుని కత్తిలా మూడువేళ్ళతో పట్టుకునేది. ఇంటికొచ్చాక అన్నయ్య పాత కంప్యూటర్లో గుండ్రాలు గీస్తూ సాధన చేసేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాలుక పంటికింద పెట్టుకుని, తెర మీద గుండ్రం గీయబోయి వంకాయ గీసి, "ఛీ" అనుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను గాని లోపల చివుక్కుమంది. నవ్వులపాలవుతావన్నది నేనే కదా. ఆ రోజు ఒక్క సలహా కూడా ఇవ్వకుండా టీ తాగి వచ్చేశాను.

నాలుగో నెలకి చెయ్యి కుదిరింది. మేడమ్ కూడా భేష్ అంది. ఓనరు మొదటిసారి వదిన గీసిన క్యాపులు పదిహేడు యంత్రంలో చెక్కించి డాక్టర్లకి పంపాడు. క్యాపంటే అరిగిపోయిన పంటి మీద తొడిగే కొత్త పన్ను. వారం తిరక్కుండా పదిహేడూ వెనక్కి వచ్చాయి. అన్నిటికీ ఒకటే చీటీ: ఎత్తుగా ఉన్నాయి, రోగి నోరు మూస్తే ముందు ఇవే తగులుతున్నాయి. ఇద్దరు డాక్టర్లయితే ఇక ఆవిడ చేసినవి పంపొద్దని ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆ సాయంత్రం అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేశాడంటేనే ఇంట్లో ఏదో అయిందని అర్థం. "మీ వదిన అన్నం తినట్లేదురా" అని పెట్టేశాడు.

నేను వెళ్ళేసరికి వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవట్లేదు. పదిహేడు క్యాపులూ, వాటి దవడలూ ల్యాబు నుంచి మోసుకొచ్చి బల్ల మీద పేర్చుకుని, ఒక్కోదాన్నే తొడిగి, బొటనవేలితో తడిమి, తీసి పక్కన పెడుతోంది. పదిహేడో దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"అన్నీ ఒకేలా ఎత్తుగా ఉన్నాయి" అంది. "వెంట్రుకవాసి. అన్నీ అంతే."

"అంటే?"

"చేతకాక తప్పు చేస్తే ఒకటి ఎక్కువుంటుంది, ఒకటి తక్కువుంటుంది మరిదీ. అన్నీ ఒకేలా ఉన్నాయంటే ఇది నా అలవాటు. మైనంలో చేసేటప్పుడు వెంట్రుకవాసి మందం ఉంచుతాం. తర్వాత అరగదీసి మెరుగుపెడితే ఆ కాస్తా పోతుంది, సరిపోతుంది. ఇరవై ఆరేళ్ళు అలాగే చేశాను. తెర మీద కూడా తెలియకుండానే ఉంచేశాను. యంత్రం అరగదియ్యదుగా. గీసింది గీసినట్టు చెక్కేస్తుంది." తలకొట్టుకుంటూ నవ్వింది. "పాతికేళ్ళ పిల్ల ఈ తప్పు చెయ్యమన్నా చెయ్యలేదు."

మర్నాడు ఓనరుతో ఇదే చెప్పింది. ఆయన నమ్మాడు. కానీ డాక్టర్లు నమ్మాలి. చివరికి ఒక మాట అన్నాడు. "ఒక్క నోటికి చెయ్యండమ్మా. యంత్రంలోంచి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మీరు చేత్తో ముట్టుకోకూడదు, ఎవరూ అరగదియ్యకూడదు. అది సరిపోతే మీరు ఉన్నట్టే. లేదంటే నన్నేం చెయ్యమంటారు?"

ఆయన మాట న్యాయమే, కాని నోరు కావాలి. వదిన పేరు చెప్తే ఏ డాక్టరూ తన రోగిని ఇవ్వట్లేదు. ఇక్కడ నా నోటి సంగతి బయటపెట్టక తప్పదు. కుడివైపు కింది దవడలో ఒక దంతానికి రెండేళ్ళ కిందట వైద్యం చేయించుకున్నాను. క్యాపు వేయించుకోమంటే, వచ్చే నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేస్తూ రెండేళ్ళుగా ఎడమవైపే నములుతున్నాను. ఊరందరికీ ముందుచూపు బోధించే మనిషిని. నా భార్యే వదినకి ఫోన్ చేసి, "అక్కా, మా ఇంట్లో ఒక నోరు ఖాళీగా ఉంది, మాట్లాడ్డం తప్ప దానికి వేరే పనిలేదు" అని చెప్పింది. ఆవిడ చెప్పకపోయినా నేనే ఇచ్చేవాణ్ణి. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి నాకు వేరే దారి కనిపించలేదు.

మా వీధి చివర డాక్టరు నాకు తెలిసినవాడే కాబట్టి ఒప్పుకుని అచ్చు తీశాడు. వారానికి క్యాపు చిన్న డబ్బాలో, మూత మీద ఓనరు సంతకంతో వచ్చింది. శనివారం ఉదయం నేను కుర్చీలో, వదిన గుమ్మం పక్కన. తను గీసిన పన్నుని తను ఇంతవరకు ముట్టుకోలేదు. డాక్టరు దాన్ని తొడిగి, ఎత్తుగా ఉన్నచోట మరక చూపించే నీలం కాగితం పళ్ళ మధ్యలో పెట్టి, కొరకమన్నాడు. కొరికాను. ఆ వైపు నోరు రెండేళ్ళుగా మొద్దుబారి ఉందేమో, నాకు మంచీ చెడూ ఏదీ తెలియలేదు.

"కాగితం మీద బాగానే ఉంది" అన్నాడు డాక్టరు. "కాగితానికి దొరకనిది ఒక్కోసారి భోజనంలో దొరుకుతుంది. ఇవాళ దీంతో తినండి. రేపు మీరే ఓనరుకి చెప్పండి."

బయటికి రాగానే నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. గులకరాయి కొరికినట్టున్నా సరే, అద్భుతం అని చెప్తాను. వదిన నా వైపు చూడకుండానే అంది:

"నువ్వు అబద్ధం ఆడతావని నాకు తెలుసు. అందుకే నిన్నేమీ అడగను."

మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. అన్నయ్య, వదిన, నా భార్య, నేను. కూర్చోగానే ముగ్గురూ నా దవడ వైపే చూస్తున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో నా భార్య తినడం ఆపేసింది. అలా చూస్తుంటే ఎవడు మాత్రం మామూలుగా నములుతాడు? ఎడమవైపా, కుడివైపా, ముందు ఏది అని ఆలోచిస్తూ ఆ ముద్దని నోట్లోనే తిప్పుతున్నాను.

అప్పుడు మా అన్నయ్య, ఎన్నడూ నోరు విప్పని మనిషి, గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, మా ఆఫీసులో అందరూ కలిసి ఎక్కడో స్థలం తీసుకుంటున్నార్రా. ఉన్నదంతా తీసి అందులో పెట్టేద్దామనుకుంటున్నాను. మూడేళ్ళలో మూడింతలట."

నేను ఒంటికాలి మీద లేచాను. "మూడింతలని ఎవడు చెప్పాడు అన్నయ్యా? కాగితాలు చూశావా? రేపు అవసరమొస్తే ఆ స్థలాన్ని ముక్క కోసి అమ్ముకుంటావా? ఉన్నదంతా అంటే పిల్లల ఫీజులు కూడానా?" అని మొదలుపెట్టి, అవసరానికి చేతికందే డబ్బు గురించి, గుంపుని చూసి కొనేవాళ్ళ గురించి, పోయినేడు నా బల్ల దగ్గరికొచ్చి ఏడ్చిన ఇద్దరు పెద్దమనుషుల గురించి, ఆగకుండా చెప్పాను. అన్నయ్య "ఊఁ, మరి బంగారమైతే?" అని ఎగదోశాడు. బంగారం మీద ఇంకో విడత చెప్పాను. నా భార్య వడ్డిస్తూనే ఉంది. వేయించిన పల్లీలు పెట్టింది. అవీ తిన్నాను. చెప్పాల్సిందంతా చెప్పి తలెత్తేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. ముగ్గురూ నా మొహంలోకే చూస్తున్నారు.

"ఏమిటి?" అన్నాను.

"ఏ పక్క నమిలావు?" అంది వదిన.

ఎడమపక్క అనబోయాను. కుడిపక్క అనబోయాను. ఏదీ గుర్తులేదు. కొత్త పన్ను ఎక్కడుందో నాలుకతో వెతుక్కోవాల్సి వచ్చింది.

"రెండు పక్కలా నమిలాడు! పల్లీలు కూడా!" అని మా అన్నయ్య దాదాపు అరిచాడు. ఆయనకి స్థలమూ లేదు, ఆఫీసులో ఎవరూ కొనడమూ లేదు. అన్నయ్యా వదినా కూడబలుక్కున్నారని నాకప్పుడు వెలిగింది. రేపు ఓనరు ముందు నేను అబద్ధం ఆడక్కర్లేదని కూడా అప్పుడే వెలిగింది.

వదిన కుర్చీలో వెనక్కి వాలి ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "పాత జీతం వస్తుంది కదా మరిదీ. ఏది ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్పు. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తాను" అంది.

నేను చెప్పలేకపోయాను. జేబులోంచి పెన్ను తీశాను గాని మొదటి గడి కూడా పడలేదు. నా భార్య మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.