బోర్డు కనిపిస్తే బ్రేకు

పిస్కాటవేలో ఎమ్మెస్ చదివిన రెండేళ్లూ నా రూమ్మేట్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. జనమంతా తలా ఓ చెయ్యి వేసి ఆన్‌లైన్‌లో గీసే మ్యాప్‌లో రోడ్డు నంబర్లు సరిచేయడం. ఒకే రోడ్డుని ఒకడు రూట్ 18 అని, ఇంకొకడు రాష్ట్రం పేరు కలిపి ఎన్‌జే 18 అని, మరొకడు ఉత్త 18 అని రాస్తే వాడికి పంటికింద రాయి పడ్డట్టుండేది. అన్నీ ఒకే తీరుకి తెచ్చేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. నేను గ్రోసరీకి కార్ తీస్తే పక్క సీట్లో ఎక్కి, నంబరు బోర్డు కనిపించగానే "ఆపరా, ఆపు!" అని అరిచేవాడు. వెనక ఎంతమంది హారన్ కొట్టినా, వాడు రాసుకున్నాకే కదలాలి.

ఆ అలవాటే డ్రైవింగ్ టెస్ట్‌లో కొంప ముంచింది. బోర్డు చూడగానే నడిరోడ్డు మీద బ్రేక్ వేశాడట. ఎగ్జామినర్ ఫెయిల్ చేసి పంపేశాడు. సోమవారం నుంచి ఇంటర్న్‌షిప్. ఆ ఆఫీస్‌కి బస్సు లేదు.

"బుద్ధుందారా నీకు?" అన్నాను.

"టెస్ట్ మళ్ళీ పెడతారు మామా. ఆ రోడ్డుకి రెండో నంబరు కూడా ఉందని ఇన్నాళ్లూ ఎవడికైనా తెలుసా?"

ఆ వేసవంతా వాణ్ణి ఆఫీస్‌లో దింపింది నేనే. బోర్డు బోర్డుకీ ఆగుతూ.

చదువయ్యాక వాడు షాంటిలీ అనే ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. మొదటిసారి వెళ్తూ దారి కోసం ఫోన్ చేశాను.

"ఇండియన్ స్టోర్ దాటాక లెఫ్ట్ తీసుకో మామా. కొంచెం ముందుకొస్తే పసుపు రంగు ఇల్లుంటుంది, దాని వెనక వీధి."

"రోడ్డు నంబరెంతరా?"

"ఏమో మామా. అవన్నీ మ్యాప్‌లో పెట్టేశాను కదా, మళ్ళీ నేనెందుకు గుర్తుపెట్టుకోవాలి?"