యలమంద గీసిన ఒకే మొహం

యలమందకి ఊహించి మొహం గీయడం చేతకాదు. పట్టెమంచాలూ, జడగంటలూ, చీర కుచ్చెళ్ళ మడతలూ ఎన్నయినా కళ్ళు మూసుకుని గీసేవాడు. మొహం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఎదురుగా మనిషి ఉండాలి. వేటపాలెంలో చీరల అంచులకి గళ్ళకాగితం మీద డిజైన్లు వేసుకునేవాడికి, బొమ్మ గీసుకొమ్మని కూర్చునే ఆడమనిషి ఎవరుంటారు? పెళ్ళాం రాఘవమ్మ తప్ప.

ఆ డిజైన్లు వేసుకునే రోజుల్లోనే, పాతికేళ్ళ వయసులో, ఊరి గ్రంథాలయంలో ఒక ఇంగ్లీషు పుస్తకం అతని కంటపడింది. కథ అర్థం కాలేదు. బొమ్మలు చూసి మాత్రం ఒళ్ళు చెమట పట్టింది. రంగు లేదు, నీడ లేదు. నల్లసిరా ఒకవైపు, తెల్లకాగితం ఒకవైపు, మధ్యలో వెంట్రుకంత గీత. ఆ గీతలోంచి ఆడవాళ్ళు పాపం తెలిసి నవ్వుతున్నట్టు చూసేవాళ్ళు. గీసినవాడు విక్టోరియా రాణి కాలపు దొర అనీ, క్షయతో ఇరవై అయిదేళ్ళకే పోయాడనీ గ్రంథాలయం పంతులుగారు చదివి చెప్పారు. యలమంద రోజూ వెళ్ళి ఆ పుస్తకం ముందు కూర్చునేవాడు. పంతులుగారు కసురుకోలేదు సరిగదా, వెలుతురుండే కిటికీ పక్కన బల్ల వేయించారు.

ఆ గీత చేతికి పట్టుబడ్డాక విజయవాడ నుంచి చెంచురామయ్య వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన అచ్చువేసేవి జనం దిండు కింద దాచుకుని చదివే పుస్తకాలు.

"కథలెవడైనా రాస్తాడయ్యా. నాకు నీ గీత కావాలి," అన్నాడు.

పన్నెండేళ్ళలో యలమంద ఆయనకి నాలుగొందల బొమ్మల దాకా వేశాడు. రాఘవమ్మ బియ్యం ఏరుతూ తలవంచితే ఆ మెడ వంపూ, జుట్టు ముడేసుకుంటుంటే ఆ కళ్ళు అరమూయడమూ అతని నిబ్బులోకి దిగేవి.

"ఏం కథయ్యా ఇది?" అని అడిగేది ఆవిడ.

"రాజకుమార్తె కథే."

"రాజకుమార్తెకి నా మొహమా! ఆ రాజు పారిపోతాడు పో!"

మొహం వరకే ఆవిడ ముందు గీసేవాడు. మిగతాది ఆవిడ పనికి వెళ్ళాక గీసేవాడు. ఆ మిగతాది ఇక్కడ రాయదగింది కాదు.

రాఘవమ్మ పని జీడిపప్పు కార్ఖానాలో. కాల్చిన పిక్కల్ని కొట్టి పప్పు తీయాలి. పెంకులో ఉండే జీడి నల్లగా అంటుకుని చర్మాన్ని తినేస్తుంది. అందుకని ఆడవాళ్ళు పనికి కూర్చునేముందు చేతులకి బూడిద పట్టించుకుంటారు. అయినా వేళ్ళు నలుపే. ఇంటికొస్తే సిరాతో మొగుడి వేళ్ళూ నలుపే.

ఆ పుస్తకాలు మనూళ్ళో ఎవరు కొంటార్లే అనుకున్నాడు యలమంద. ఎవరూ కొననక్కర్లేదని అతనికి తోచలేదు. అమ్ముడుపోని పుస్తకాలు తూకానికి వెళ్ళి, చినిగి, పొట్లాలై ఏ ఊరికైనా వస్తాయి. ఒక మధ్యాహ్నం రాఘవమ్మ కార్ఖానా గేటు దగ్గర కొన్న శనగల పొట్లం విప్పి తింటోంది. పక్కవాళ్ళు తొంగిచూశారు.

"ఓయమ్మో, ఈ కాగితంలో ఉంది మన రాఘవమ్మ కాదటే!"

"ముక్కుపుడక గూడా అదేనే!"

రాఘవమ్మ పక్కన కూర్చుని పనిచేసే ఖాదర్‌బీ ఆ కాగితం లాక్కుని పిక్కలు కాల్చే పొయ్యిలో పడేసింది.

"మీకెవరికీ లేవా ముక్కుపుడకలు? లేవండి, గంట కొట్టారు," అంది.

గంట కొట్టలేదు. ఐదుపూటలా నమాజు చేసే మనిషి. ఆవిడ అబద్ధమాడటం ఆ కార్ఖానాలో అదే మొదలు.

రాఘవమ్మ ఇంటికొచ్చి ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది. అన్నం పెట్టింది. ఆ రోజు నుంచి మాత్రం మొగుడి ఎదుట కూర్చోలేదు. ఏ పని చేసుకున్నా వీపు తిప్పే చేసుకునేది. మొహం లేక యలమంద బొమ్మలు ఆగిపోయాయి. మళ్ళీ అంచులకి చిలకలూ హంసలూ వేసుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపాడు.

కిందటేడు కార్తికంలో దగ్గుతో నెత్తురు పడింది. క్షయ అన్నారు. చాలా ఆలస్యంగా తెచ్చారన్నారు. ఆసుపత్రి తరఫున మాత్రలిచ్చే ఏసోబు రోజూ వచ్చి, మింగేదాకా పక్కన కూర్చుని, తన ఇంట్లో కోడి పెట్టిన గుడ్డొకటి చొక్కా జేబులోంచి జాగ్రత్తగా తీసి ఇచ్చిపోయేవాడు. ఒక సాయంత్రం రాఘవమ్మ తులసి దగ్గర దీపం పెట్టి వచ్చి, అన్నేళ్ళ తరవాత, మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"నిన్ను ఒక్కటే అడుగుతా. ఆ బొమ్మలు కాల్పించు. నువ్వు పోయినాక నేను ఈ ఊళ్ళో తిరగాల."

అసలు బొమ్మలన్నీ చెంచురామయ్య బీరువాలోనే ఉన్నాయి. యలమంద ఉత్తరం రాశాడు. ఒక్కటీ మిగల్చకుండా కాల్చమని దేవుడి మీద ఆన పెట్టాడు. ఎనభై దాటిన చెంచురామయ్య స్వయంగా కారులో వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఒక రేకుడబ్బా కూడా తెచ్చాడు.

"నా చేతుల్తో కాల్చానయ్యా. ఇదిగో బూడిద. మనశ్శాంతిగా ఉండు."

ఆయన వెళ్ళాక యలమంద డబ్బా మూత తీసి, కాలిన కాగితం పొర ఒకటి పైకెత్తి వెలుతురుకి పట్టాడు. దాని మీద అచ్చక్షరాలు మెరుస్తున్నాయి. అతని బొమ్మల మీద అక్షరమన్నది ఉండదు. అవేవో పాత పుస్తకాలు కాల్చిన బూడిద. పక్కనే ఉన్న ఏసోబుకి చూపించి, "దానికి చెప్పమాకరా," అన్నాడు.

రాఘవమ్మకి చదువు రాదు. "కాలిపోయినయ్యే," అని చెప్పాడు. ఆవిడ డబ్బాని కళ్ళకద్దుకుంది. మర్నాటి నుంచి ఆ బూడిదే చేతులకి రాసుకుని పిక్కలు కొట్టింది. ఎనిమిదో రోజున యలమంద పోయాడు. మొహం ప్రశాంతంగా ఉందన్నారందరూ. ఏసోబు మాత్రం ఆ మొహం వైపు చూడలేకపోయాడు.

పెద్దదినం నాడు చెంచురామయ్య మనవరాలు బిందుమాధవి పూలదండ పట్టుకుని వచ్చింది. రాఘవమ్మ పక్కన నేల మీదే కూర్చుంది.

"అమ్మా, తాతయ్య మీకు అబద్ధం చెప్పారు. అగ్గిపుల్ల గీశారట గానీ ఆ బొమ్మలకి అంటించడానికి చెయ్యి రాలేదట. ఇప్పుడవి విజయవాడలో ఎగ్జిబిషన్ పెడదామనీ, పుస్తకం వేద్దామనీ అనుకుంటున్నాం. మీవారు ఎవరి బొమ్మలు చూసి గీత నేర్చుకున్నారో, ఆ ఇంగ్లీషు దొర కూడా పోయేముందు తన బొమ్మలు కాల్చెయ్యమనే ఉత్తరం రాశాడండి. పబ్లిషర్ కాల్చలేదు. ఇవాళ లోకమంతా చూస్తోంది."

రాఘవమ్మ అడిగింది, "ఆ దొరకి పెళ్ళాం ఉందా?"

"లేదండి. పెళ్ళే కాలేదు."

రాఘవమ్మ తలాడించింది.

"తాతయ్య ఒకటే చెప్పారు. బొమ్మలో మనిషి మీరే అయితే, మీరు ఒప్పుకుంటేనే బయట పెట్టాలి, లేకపోతే మానెయ్యాలి అని." బిందుమాధవి ఫోను తెరిచి చూపించింది. "మీరేనా అమ్మా?"

దినానికొచ్చిన చుట్టాలూ, కార్ఖానా ఆడవాళ్ళూ మెడలు చాపారు. ఖాదర్‌బీ గబగబా లేచి వాళ్ళకి అడ్డంగా నిలబడింది. రాఘవమ్మ ఆ మొహం చూసింది. తన పాతికేళ్ళ వయసప్పటి మొహం. ముక్కుపుడక కూడా ఉంది.

"నేను కాదమ్మా. ఎవరో."

"నిజంగానా?" బిందుమాధవి గుండెల నిండా ఊపిరి తీసుకుంది. "అయితే ఇంక ఇబ్బందేం లేదండి."

ఆ పిల్ల చెడ్డది కాదు. యలమంద పటానికి దండ వేసి, వెళ్తూ రాఘవమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"ఔనని ఒక్కమాటంటే ఆగిపోయేది గదక్కా!" అంది ఖాదర్‌బీ చెవిలో.

"ఇంతమందిలో ఔనని ఎట్టా చెప్పనే?"

మళ్ళీ పనికి వచ్చిన రోజు రాఘవమ్మ ఆ బూడిద డబ్బా తేలేదు. వట్టి చేతుల్తోనే పిక్క అందుకుంది. ఖాదర్‌బీ తన పని ఆపి, ఆవిడ చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పొయ్యి బూడిద ఒక్కో వేలికీ పట్టించింది. రాఘవమ్మ మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.