మాయాబందర్‌కి సొంత బండి

మా నాన్న ప్రేమయ్యకి కోపం వస్తే నోరు మూసుకుంటాడు, కారు బానెట్ తెరుస్తాడు. ఆ కారుకి ముందువైపు తెరిస్తే ఇంజిన్ కనపడదు, పెట్రోలు ట్యాంకు కనపడుతుంది. ఇంజిన్ వెనక ఉంటుంది. దానికి నీళ్లు పోసే పని లేదు, గాలికే చల్లారుతుంది. పాతకాలపు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. దాని గుండ్రటి వీపు చూసి పోర్ట్‌బ్లెయిర్‌లో మా ఆస్టినాబాద్ పేటలో అందరూ కఛువా అంటారు, తాబేలని. ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ ఓడ ఎక్కించలేక వదిలేస్తే, తీగలు అల్లుకుపోయిన ఆ బండిని నాన్న అడిగి తెచ్చుకుని బతికించాడు. ఆయన ఉద్యోగమంతా జెట్టీల్లో బోటు ఇంజిన్లతోనే గడిచింది. ఇనప వస్తువేదైనా తన మాట వింటుందని ఆయన నమ్మకం. మనుషుల గురించి అంత ధీమా లేదు.

నేను పుట్టినప్పుడు నాన్నకి మాయాబందర్‌లో పని. ఆ రోజు కుండపోత వాన. ఆయన బోటు మీద ఉన్నాడు. అమ్మకి నొప్పులు ముందే మొదలయ్యాయి, ఆస్పత్రికి వెళ్లడానికి బండి దొరకలేదు. వీధిలో చేపలమ్ముకుంటున్న యర్రమ్మ గంప దించేసి లోపలికొచ్చింది. పుట్టగానే నేను ఏడవలేదట. యర్రమ్మ నా నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసి, వీపు రుద్ది రుద్ది ఏడిపించిందట. నాన్న ఒడ్డుకి వచ్చేసరికి ఆమె గంపెత్తుకుని వెళ్లిపోయింది. కొన్నాళ్లకి మాకు పోర్ట్‌బ్లెయిర్ బదిలీ అయింది. ఓడెక్కే ముందు నాన్న ఆమెతో, "ఎప్పటికైనా సొంత బండేసుకొని వస్తాను. ఊరంతా తిప్పుతాను" అన్నాడు.

మా తెలుగు చర్చి సంఘంలో ఎవరికైనా పుట్టినరోజు వస్తే ముందుకొచ్చి సాక్ష్యం చెప్పి కృతజ్ఞత కానుక వెయ్యడం రివాజు. నా పుట్టినరోజుకి నన్ను పక్కన నిలబెట్టుకుని నాన్నే చెప్పేవాడు. దేవుడికి వందనాలు, తరవాత యర్రమ్మకి వందనాలు. పెద్దయ్యాక సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పెళ్లై, ఓడ టిక్కెట్ల కౌంటర్లో ఉద్యోగం చేస్తూ, రోజూ జనం మీద అరిచే మనిషినయ్యాక కూడా ఆ ఒక్క ఆదివారం తల దించుకునే నిలబడేదాన్ని.

ఇన్నేళ్లూ ఎందుకు వెళ్లలేదంటే, మొదట్లో బండి లేదు. బండి వచ్చాక సెలవు లేదు. రిటైరయ్యాక బండి మొరాయించింది. ఈ వానాకాలం వెళ్లగానే యర్రమ్మ అన్న కొడుకు నాగబాబు ఫోన్ చేశాడు. "భయ్యా, అత్త బాగా నీరసించిపోయింది. సూడాలంటే ఇప్పుడే రండి."

"బస్సుకి వెళ్దాం నాన్నా, రేపే" అన్నాను.

"బండేసుకొస్తానన్నాను వెరోనికా. ఖాళీ సేతులతో ఎల్తానేటి?"

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే కఛువా ఇంటి ముందు నిక్షేపంగా తిరుగుతుంది, రోడ్డు మీద కొంచెం దూరం పోగానే దగ్గి, నీరసించి ఆగిపోతుంది. మాయాబందర్ దారిలో జిర్కాటాంగ్ దాటితే జారవా ఆదివాసుల అడవి. పోలీసు వెంట బళ్లన్నీ వరసగా పోవాలి, మధ్యలో ఎవరూ ఆగకూడదు, దిగకూడదు. ఆగిపోయే బండితో ఆ వరసలోకి వెళ్లడం కుదరదు. నాన్నకీ తెలుసు. అందుకే పొద్దున్నే లేచి దాని మీద పడ్డాడు.

ప్లగ్గుల్లో నిప్పు రవ్వ బాగుంది. అంటే ఇంజిన్‌కి పెట్రోలు అందడం లేదని తేల్చాడు. ఫిల్టరు మార్చాడు. పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టాలు పీకి కొత్తవి వేశాడు. కార్బ్యురేటర్ విప్పి సన్నని రంధ్రాల్లోకి గాలి ఊదాడు. పంపులో పొర మార్చాడు. పంపు దగ్గర గొట్టం ఊడదీసి సీసా పెట్టి ఇంజిన్ తిప్పితే పెట్రోలు చక్కగా చిమ్మింది. రోడ్డెక్కితే మళ్లీ అదే దగ్గు.

ఆగిన ప్రతిసారీ ఆయనకో పద్ధతి. ఆ కారులో పెట్రోలెంతుందో చూపే ముల్లు లేదు. కాబట్టి ముందు బానెట్ ఎత్తి, ట్యాంకు మూత తీసి, వెదురు పుల్ల ముంచి చూస్తాడు. మూత పెట్టేస్తాడు. వెనక్కి వెళ్లి పంపు మీద తడి తువ్వాలు కప్పుతాడు. కాసేపాగి తాళం తిప్పితే బండి లేస్తుంది. "సూశావా, వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతంది" అనేవాడు. అమ్మ జ్ఞానవతి రెండు తువ్వాళ్లు ఎక్కువే సర్దింది. మాయాబందర్ దాకా తువ్వాళ్లతో పోదామని ఆవిడ లెక్క!

ఒకరోజు డబ్బాలోని పెట్రోలు ట్యాంకు నిండా పోసి మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని బయల్దేరాడు. ఆ రోజు ఇంకా తొందరగా, ఎత్తు రోడ్డు మొదట్లోనే ఆగింది. ట్యాంకు నిండుగా ఉందని తెలుసు కనక పుల్ల జోలికి పోకుండా నేరుగా వెనక్కెళ్లి తువ్వాలు కప్పాడు. తాళం తిప్పాడు. లేవలేదు. ఇంకో తువ్వాలు. లేవలేదు. గొట్టం ఊడదీస్తే చుక్క రాలేదు. నాన్న రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, "ఇంక నావల్ల కాదమ్మా. యర్రమ్మకి మాట తప్పిపోనాను" అన్నాడు. ఆయన గొంతు అలా పడిపోవడం నేనెప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపంగా బయటికొస్తుంది.

"అసలు పెట్రోలు పోశావా, నీళ్లు పోశావా?" అంటూ విసురుగా వెళ్లి ట్యాంకు మూత తిప్పాను.

ఉస్సుమని పెద్ద చప్పుడైంది.

నాన్న లేచి నిలబడ్డాడు. మూత నా చేతిలోంచి తీసుకుని తిరగేశాడు. లోపల గుండ్రంగా కత్తిరించి గట్టిగా అంటించిన సైకిల్ ట్యూబు ముక్క. కిందటి వానాకాలం బానెట్ కారి ట్యాంకులోకి నీళ్లు దిగుతుంటే ఆయనే అతికించాడు. బోటోళ్ల అలవాటు అది, అల ఎగిరిపడుతుందని ట్యాంకు మూత ఎక్కడా సందు లేకుండా బిగించేస్తారు. అయితే బోటు ట్యాంకుకి గాలి మర, అంటే లోపలికి గాలి వదిలే స్క్రూ, వేరే ఉంటుంది, ఇంజిన్ తిప్పేముందు దాన్ని వదులు చేస్తారు. పెట్రోలు పోయినచోటికి గాలి రాకపోతే పంపు ఎంత లాగినా ఏమీ రాదు. కఛువాకి ఆ గాలి మూతలోని చిన్న కన్నంలోంచే రావాలి. కన్నం రబ్బరు కింద ఉండిపోయింది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, అందుకే ఆ రోజు ఇంకా తొందరగా ఆగింది. ఇన్నాళ్లూ బండిని లేపింది తువ్వాలు కాదు, పుల్ల ముంచడానికి మూత తియ్యడం.

"గాలి మర తిప్పలేదని ఎంతమంది కుర్రోళ్లని తిట్టానో!" అన్నాడు నాన్న. నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మీరు మాత్రం ఎవర్నీ వదల్లేదండీ" అంది అమ్మ. నాన్న రబ్బరు పీకేసి, రోడ్డు పక్కనే తలకి తువ్వాలు కప్పుకుని, "ప్రభువా, నా తెలివితక్కువతనం బయటపెట్టావు, వందనాలు" అని గట్టిగానే ప్రార్థన చేశాడు. ఆటోలవాళ్లు చూస్తున్నా నాకు ఆ రోజు సిగ్గనిపించలేదు.

ఆ వారంలోనే బయల్దేరాం. అడవిలో వరస మధ్య కఛువా ఒక్కసారి కూడా దగ్గలేదు. ఫెర్రీలో ఎక్కింది, దిగింది, సాయంత్రానికి మాయాబందర్ చేరింది. యర్రమ్మ నాగబాబు ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది, పిడికెడంత మనిషి.

"యర్రమ్మా, నేను ప్రేమయ్యని. జెట్టీ ఇంజినోణ్ణి."

"ఏ ప్రేమయ్య బాబూ?"

నాన్న వాన గురించి చెప్పాడు, గంప గురించి, ఏడవని పిల్ల గురించి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపింది. "నాకు గేపకం లేదు బాబూ. ఎంతమందికి పురుడు పోశానో. వానలో పుట్టినోళ్లే శానామంది."

నాన్న మొహం వైపు చూడ్డానికి భయమేసింది. కానీ ఆయన చిన్నబుచ్చుకోలేదు. నన్ను భుజం పట్టి ముందుకి తెచ్చాడు. "నీకు గేపకం లేకపోతే ఏటమ్మా. ఇదిగో, పిల్ల ఉంది కదా."

యర్రమ్మ నా మొహం తడిమింది. అరచెయ్యి నా గుండె మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. "ఊపిరి బాగానే ఆడతంది" అంది.

ఆమెని ముందు సీట్లో కూర్చోబెట్టాం. నాన్న ఇంజిన్ లేపాడు, ఊరికే స్టీరింగ్ పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను వెనక సీట్లోంచి ముందుకి వంగి, "వందనాలు యర్రమ్మా" అన్నాను. ఆమె మెడ తిప్పలేక చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. పట్టుకున్నాను. ఇన్నేళ్లూ నా తరఫున నాన్నే చెబుతూ వచ్చిన మాట అది.